కామన్ నౌన్, వెర్బ్, అడ్జెక్టివ్: ఒకే పదం ఇన్ని చోట్ల కనిపిస్తుంటే ఎలా గుర్తుపట్టాలి?

మీరు అడిగింది ఇదీ: టెట్‌కి చదువుతున్నారు. మనుషులకో, వస్తువులకో, స్థలాలకో ఉండే సాధారణమైన పేరు కామన్ నౌన్ అని నిర్వచనం నోటికి వచ్చు. అయినా ‘వాటర్’ ఒకచోట నౌన్‌గా, మరోచోట వెర్బ్‌గా కనిపిస్తోంది. ‘స్కూల్ బస్’లో ‘స్కూల్’ అడ్జెక్టివ్ అని ఒక సార్, నౌన్ అని ఇంకో సార్ చెప్పారు. ఏ పదం ఏ గుంపులోదో లిస్టులు బట్టీ పట్టాలా, వేరే దారి ఉందా? అసలు భాషాభాగాలు మొత్తం ఎన్ని?

లిస్టులు వద్దండీ. ఇంగ్లీషులో పదాన్ని విడిగా చూసి అది ఏ భాషాభాగమో చెప్పలేం. వాక్యంలో దాని ముందు ఏముంది, తర్వాత ఏముంది అని చూసే చెప్పాలి. ‘వాటర్ నౌనా, వెర్బా?’ అని ఊరికే అడిగితే జవాబు ఉండదు. ‘ద వాటర్ ఈజ్ కోల్డ్’లో నౌన్. ‘వాటర్ ద ప్లాంట్స్’లో వెర్బ్. ఇక ‘స్కూల్ బస్’లో ‘స్కూల్’ నౌనే. ఎందుకో కింద చెప్తాను.

మొదట హైస్కూలు పిల్లలకు, తర్వాత టెట్, డీఎస్సీ అభ్యర్థులకు చాలా ఏళ్లుగా ఇంగ్లీష్ చెప్తున్నాను. నిర్వచనాలు గడగడా అప్పజెప్పి, బోర్డు మీద ఒక వాక్యం రాయగానే బిక్కమొహం వేసేవాళ్లే ఎక్కువ. వాళ్లకు తెలివి లేక కాదు. తెలుగులో మనకు అలవాటైన పద్ధతి ఇంగ్లీషులో పనిచేయదు, అంతే.

‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా చచ్చింది రావణుడే. పదం చివర ఉన్న విభక్తే దాని పని చెప్పేస్తుంది. సంస్కృతంలో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. పాణిని ‘సుప్తిఙన్తం పదమ్’ అని ఒక్క సూత్రంతో తేల్చేశాడు: నామానికి చేరేవి సుప్ ప్రత్యయాలు, క్రియకు చేరేవి తిఙ్ ప్రత్యయాలు, ఈ రెండు రకాల్లో ఏదో ఒకటి చివర ఉంటేనే అది పదం. పాత ఇంగ్లీషులో కూడా వెయ్యేళ్ల కిందట ఇలాంటి ప్రత్యయాలు చాలానే ఉండేవి. క్రమంగా అరిగిపోయి, ఇప్పుడు బహువచనపు ‘ఎస్’, వెర్బ్‌కి ‘ఈడీ’, ‘ఐఎన్‌జీ’ లాంటివి కొన్నే మిగిలాయి. అందుకే ‘రామ కిల్డ్ రావణ’లో పేర్లు అటూ ఇటూ మారిస్తే కథే తిరగబడుతుంది. మన దగ్గర విభక్తి చేసే పనిని అక్కడ స్థానం చేస్తుంది.

కాబట్టి గుర్తుపట్టే పద్ధతి కూడా స్థానాన్ని బట్టే ఉండాలి. నేను క్లాసులో చెప్పేది ఇంతే. ముందు ‘ఎ’, ‘ద’, ‘మై’, ‘దిస్’ లాంటిది పెట్టగలిగితే, ఆ చోట ఉన్నది నౌన్. ‘యెస్టర్‌డే’ అని చేర్చినప్పుడు రూపం మార్చుకోవాల్సి వస్తే వెర్బ్. ముందు ‘వెరీ’ పెట్టగలిగి, ‘ఈజ్’ తర్వాత కూడా నిలబడగలిగితే అడ్జెక్టివ్. ఒక నౌన్‌నో ప్రొనౌన్‌నో వెంటబెట్టుకుని వస్తే ప్రిపోజిషన్, దాని వెనక కర్త, క్రియ ఉన్న పూర్తి వాక్యం వస్తే కంజంక్షన్. వీటికి లొంగని పదాలు ఉంటాయి, కానీ పరీక్షలో అడిగేవాటిలో ఎక్కువ భాగం లొంగుతాయి.

‘రౌండ్’ అనే ఒక్క పదం మీద ప్రయోగించి చూడండి. ‘ఎ రౌండ్ టేబుల్’లో అడ్జెక్టివ్. ‘ద సెకండ్ రౌండ్ ఆఫ్ కౌన్సెలింగ్’లో నౌన్. ‘ద కార్ రౌండెడ్ ద కార్నర్’లో వెర్బ్. ‘షి టర్న్‌డ్ రౌండ్’లో అడ్వెర్బ్, అంటే పని ఎలా, ఎటు జరిగిందో చెప్పే మాట. ‘దే శాట్ రౌండ్ ద ఫైర్’లో ప్రిపోజిషన్. లిస్టులు బట్టీ పట్టినవాళ్లు ఈ పదాన్ని ఐదు లిస్టుల్లో రాసుకోవాలి.

ఇప్పుడు ‘స్కూల్ బస్’. ‘న్యూ బస్’ పక్కన పెట్టి చూడండి. ‘వెరీ న్యూ బస్’ అనొచ్చు, ‘దిస్ బస్ ఈజ్ న్యూ’ అనొచ్చు. ‘వెరీ స్కూల్ బస్’ అనలేం, ‘దిస్ బస్ ఈజ్ స్కూల్’ అనలేం. మన ‘వెరీ’, ‘ఈజ్’ పరీక్షలో తప్పింది కాబట్టి అది అడ్జెక్టివ్ కాదు, ఇంకో నౌన్ ముందు నిలబడిన నౌన్. తెలుగులో ఈ గందరగోళం రాదు. నామవాచకం మరో నామవాచకం ముందుకు వచ్చేటప్పుడు చాలాసార్లు రూపం మార్చుకుంటుంది: ఇల్లు, ఇంటి తాళం; ఊరు, ఊరి చెరువు; కాలు, కాలి మెట్టె. మన వ్యాకరణం దీన్ని ఔపవిభక్తికం అంటుంది. ఇంగ్లీషు పదం అదే రూపంతో వచ్చి నిలబడుతుంది, అందుకే అడ్జెక్టివ్‌లా కనిపిస్తుంది. మీకు అడ్జెక్టివ్ అని చెప్పిన సార్ కూడా గాల్లోంచి చెప్పలేదు. పాత స్కూలు గ్రామర్ పుస్తకాల్లో ‘అడ్జెక్టివ్‌గా వాడిన నౌన్’ అని ఉండేది, అందులో రెండో ముక్క నోళ్లలో జారిపోయింది.

ఇక అసలు విషయం, కామన్ నౌన్.

కామన్ నౌన్‌కీ, ప్రాపర్ నౌన్‌కీ (ఒక మనిషికో, చోటుకో ఉన్న సొంత పేరు) ఉన్న తేడాను పుస్తకాలు క్యాపిటల్ లెటర్‌తో మొదలుపెడతాయి. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు కాబట్టి ‘యూనివర్సిటీ’ అన్నా ‘ఉస్మానియా యూనివర్సిటీ’ అన్నా రాతలో తేడా ఉండదు. ఇంగ్లీషులో ‘ఉస్మానియా యూనివర్సిటీ వాజ్ ఫౌండెడ్ ఇన్ 1918’ అని రాస్తే రెండు మాటలకూ క్యాపిటల్సే, ఎందుకంటే రెండూ కలిసి ఒకే పేరు. ఆ తర్వాతి వాక్యంలో ‘ద యూనివర్సిటీ’ అంటే మామూలుగా చిన్న అక్షరం. అదే పదం మొదట పేరులో భాగం, తర్వాత కామన్ నౌన్. వారాలకు, నెలలకు, భాషల పేర్లకు కూడా క్యాపిటల్ కావాలి. ‘సోమవారం’ మనకు మామూలు మాటలా అనిపిస్తుంది కాబట్టి ‘మండే’ దగ్గర చాలామంది జారిపడతారు.

అలాగని క్యాపిటల్‌నే గుడ్డిగా నమ్మొద్దు. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం తెరిచి చూస్తే ‘ఆర్డర్’, ‘యూనియన్’ లాంటి కామన్ నౌన్లకు కూడా పెద్ద అక్షరాలే ఉంటాయి. అప్పటి అలవాటు అది. జర్మన్‌లో ఈ రోజుకీ ప్రతి నౌన్‌కీ క్యాపిటలే.

పేర్లు గీత దాటి ఇటు రావడమూ మామూలే. జేమ్స్ వాట్ మనిషి పేరు. బల్బు మీద ఉండే ‘60 వాట్స్’లో ‘వాట్’ కామన్ నౌన్, ఇంగ్లీషులో పూర్తిగా రాస్తే చిన్న అక్షరమే. 1880లో ఐర్లాండులో కౌలు రైతులు, ఊరివాళ్లు కలిసి వెలివేసిన ఎస్టేటు ఏజెంటు చార్లెస్ బాయ్‌కాట్ పేరు ‘బాయ్‌కాట్’ అనే మాటైపోయింది. అది నౌనూ అవుతుంది, వెర్బూ అవుతుంది. మన వీధుల్లో ‘జిరాక్స్’ కూడా ఒక కంపెనీ పేరే కదా, ఏ మిషను మీద తీసినా జిరాక్సే అంటాం.

కానీ క్యాపిటల్స్ గొడవ రాతలో మాత్రమే. కామన్ నౌన్‌ను గుర్తుపట్టడం వల్ల నిజమైన లాభం ఆర్టికల్ (‘ఎ’, ‘ద’ లాంటివి) దగ్గర, ఏకవచన బహువచనాల దగ్గర. ఈ ముక్క చెప్పకుండా నిర్వచనం ఒక్కటే చెప్పి వదిలేయడం నాకు ఎప్పుడూ నచ్చదు.

నియమం ఇది: లెక్కపెట్టగలిగిన కామన్ నౌన్, అది కూడా ఒక్కటే అయినప్పుడు, ఇంగ్లీషు వాక్యంలో ఒంటరిగా నిలబడలేదు. ముందు ‘ఎ’ గానీ, ‘ద’ గానీ, ‘మై’, ‘దిస్’, ‘ఎవ్రీ’ లాంటిది గానీ ఉండాలి. ఇలా ముందు నిలబడేవాటిని ఇప్పటి గ్రామర్లు డిటర్మినర్లు అంటాయి. తెలుగులో ఆర్టికల్ లేదు, ‘ఆమె టీచర్’లో క్రియ కూడా లేదు. అందుకే మనవాళ్లు ‘షి ఈజ్ టీచర్’, ‘ఐ యామ్ గోయింగ్ టు బ్యాంక్’ అంటారు. ‘షి ఈజ్ ఎ టీచర్’, ‘గోయింగ్ టు ద బ్యాంక్’ అనాలి. ‘గో టు స్కూల్’, ‘బై బస్’ లాంటివి మినహాయింపులు. చదువుకోవడానికి వెళ్తే ‘టు స్కూల్’, హెడ్‌మాస్టర్‌ని కలవడానికి వెళ్తే ‘టు ద స్కూల్’.

ప్రాపర్ నౌన్లకు మామూలుగా ఆర్టికల్ రాదు: హైదరాబాద్, విజయవాడ, లక్ష్మి. కానీ నదులకు వస్తుంది, ‘ద గోదావరి’, ‘ద కృష్ణా’. పర్వతశ్రేణులకూ వస్తుంది, ‘ద హిమాలయాస్’. ఒంటరి శిఖరమైన ఎవరెస్ట్‌కి రాదు. దీని వెనక పెద్ద తర్కం వెతకకండి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే.

లెక్కపెట్టడం దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది, మార్కెట్లో దొరికే గ్రామర్ పుస్తకాలు దీన్ని పట్టించుకోవు. మన భాషలో నీళ్లు బహువచనం, ‘నీళ్లు వస్తున్నాయి’ అంటాం. పాలు బహువచనం, ‘పాలు విరిగిపోయాయి’. డబ్బులు అయిపోయాయి, వార్తలు వచ్చాయి, సలహాలు ఇచ్చారు, సామాన్లు సర్దారు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, మనీ, న్యూస్, అడ్వైస్, లగేజ్, ఇవన్నీ లెక్కకు రానివి, క్రియ ఏకవచనంలోనే ఉండాలి. ‘ద న్యూస్ ఈజ్ గుడ్’. తిరగబడిన కేసులూ ఉన్నాయి: మనకు ప్యాంటు ఒకటే, కత్తెర ఒకటే, వాళ్లకు ‘ట్రౌజర్స్ ఆర్’, ‘సిజర్స్ ఆర్’. నర్సింగ్ చదివి విదేశీ ఉద్యోగానికి తయారవుతున్న ఒకమ్మాయి నా దగ్గరకు వచ్చేది. మాట్లాడటంలో ధాటి ఉంది, రాస్తే మాత్రం ‘ఎక్విప్‌మెంట్స్’, ‘ఇన్‌ఫర్మేషన్స్’, ‘అడ్వైసెస్’. టెన్సులన్నీ మళ్లీ చదవాలేమో అని టెన్షన్ పడుతుంటే అవి పక్కన పెట్టించాను. తెలుగులో బహువచనంలో అనే మాటల్లో ఏవి ఇంగ్లీషులో లెక్కకు రావో ఒక పేజీ తనచేతే రాయించాను. ఆ పేజీతోనే రాతలో ఎర్ర గీతలు బాగా తగ్గాయి. మీరూ అలాంటి పేజీ ఒకటి రాసుకోండి, బట్టీ పట్టడానికి కాదు, మన మాటకూ వాళ్ల మాటకూ ఎక్కడ తేడా వస్తోందో కనపడటానికి.

అయితే లెక్కకు రావడం కూడా వాడకాన్ని బట్టే. కాఫీ లెక్కకు రాదు, కానీ హోటల్లో ‘టూ కాఫీస్’ అంటే రెండు కప్పులు. ‘షి హాజ్ లాంగ్ హెయిర్’ అంటే పొడుగు జుట్టు. ‘దేర్ ఈజ్ ఎ హెయిర్ ఇన్ మై సాంబార్’ అంటే ఒక వెంట్రుక. ‘ఐ ఏట్ చికెన్’ అంటే నాలుగు ముక్కలు తిన్నారని అర్థం. ‘ఐ ఏట్ ఎ చికెన్’ అన్నారంటే కోడిని మొత్తం లాగించేశారన్నమాట.

ఇప్పుడు ‘వాటర్ కామన్ నౌనా, మెటీరియల్ నౌనా?’ అని అడుగుతారు, ప్రతి బ్యాచ్‌లోనూ వచ్చే ప్రశ్నే. రెండూ నిజమే. మొదటి విభజన కామన్, ప్రాపర్ అని రెండే. మెటీరియల్ (పదార్థాల పేర్లు), కలెక్టివ్ (గుంపుల పేర్లు), అబ్‌స్ట్రాక్ట్ (భావాల పేర్లు) అనేవి కామన్‌లోపలి రకాలు. స్కూలు పుస్తకాలు అన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టి ‘నౌన్లు ఐదు రకాలు’ అనడంతో అవి ఒకదానికొకటి పోటీ అన్నట్టు కనిపిస్తాయి. ఆప్షన్లలో రెండూ ఉంటే మెటీరియల్ పెట్టండి, ఇంకా కచ్చితమైనది అదే కాబట్టి.

మిగతా భాషాభాగాలకు ఒక వాక్యం తీసుకుంటాను, మన బడుల్లో తరతరాలుగా నడుస్తున్న లీవ్ లెటర్: ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ కైండ్లీ రిక్వెస్ట్ యు టు గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్.’

‘యాజ్’ వెనక పూర్తి వాక్యం ఉంది కాబట్టి కంజంక్షన్. ‘హి వర్క్స్ యాజ్ ఎ క్లర్క్’లో వెనక ఉన్నది నౌనే కాబట్టి ప్రిపోజిషన్. ‘రిక్వెస్ట్’ ఇక్కడ ‘ఐ’ చేసే పని, వెర్బ్. ‘మై రిక్వెస్ట్’ అంటే నౌన్. ‘లీవ్’ చూడగానే వెర్బ్ అని గుర్తుపెట్టేస్తారు, కానీ గ్రాంట్ చేయమంటున్నది దాన్నే, కాబట్టి నౌన్, లెక్కకు రానిది, అందుకే ముందు ఆర్టికల్ లేదు. ‘ఫీవర్’ సంగతి కొంచెం వేరు. మన దేశంలో ఆర్టికల్ లేకుండా రాయడం స్థిరపడిపోయింది. బ్రిటిష్, అమెరికన్ వాడకంలో ఒకరికి జ్వరం వచ్చిందంటే ఎక్కువగా ‘ఎ ఫీవర్’ అంటారు, ‘ఎ హెడేక్’ లాగే. మలేరియా, టైఫాయిడ్ లాంటి జబ్బుల పేర్లకు ఎవరూ ఆర్టికల్ పెట్టరు. ఇక ‘కైండ్లీ’ అడ్వెర్బ్, అది చేరాల్సింది ‘గ్రాంట్’కి. దయ చూపాల్సింది హెడ్‌మాస్టర్ గారు. ‘ఐ కైండ్లీ రిక్వెస్ట్’ అంటే నేనే దయతో అడుగుతున్నానని అవుతుంది! ఈ ఒక్క వాక్యాన్ని ఇలా విప్పి చూపిస్తే క్లాసు నవ్వుకుంటూ నేర్చుకుంటుంది.

అడ్జెక్టివ్, అడ్వెర్బ్ తేడా దగ్గర మనల్ని తడబెట్టేది ‘గా’. ‘ఆమె సంతోషంగా ఉంది’, ‘ఆమె సంతోషంగా పాడింది’, రెండింట్లోనూ మాట ఒకటే. ఇంగ్లీషులో మొదటిది ‘హ్యాపీ’, రెండోది ‘హ్యాపిలీ’. ‘కోపంగా కనిపించింది’ అంటే ‘షి లుక్డ్ యాంగ్రీ’. ‘అతని వైపు కోపంగా చూసింది’ అంటే ‘షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్’. ఆమె ఎలా ఉందో చెప్తే అడ్జెక్టివ్, పని ఎలా చేసిందో చెప్తే అడ్వెర్బ్. ‘లుక్’, ‘ఫీల్’, ‘స్మెల్’, ‘టేస్ట్’ వెర్బుల స్థానంలో ‘ఈజ్’ పెట్టినా వాక్యం నిలబడుతుంటే తర్వాత అడ్జెక్టివ్ రావాలి: ‘ద కర్రీ టేస్ట్స్ గుడ్’. చివర ‘లీ’ ఉన్నదల్లా అడ్వెర్బ్ అనుకోవద్దు, ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’ అడ్జెక్టివ్‌లే. కష్టపడి పనిచేస్తాడు అనాలంటే ‘హి వర్క్స్ హార్డ్’. ‘హి హార్డ్లీ వర్క్స్’ అన్నారో, పనే చేయడని ఫిర్యాదు చేసినట్టు.

ప్రిపోజిషన్ల గురించి ఒక్క మాట. ‘బల్ల మీద’లో ‘మీద’ నామవాచకం తర్వాత వస్తుంది, ‘ఆన్ ద టేబుల్’లో ముందు వస్తుంది. స్థానం అర్థమైనా మన ‘కి’, ‘గురించి’ వదలవు కాబట్టి ‘డిస్కస్ అబౌట్’, ‘గో టు హోమ్’ పుడతాయి. ‘డిస్కస్’ నేరుగా నౌన్‌ను తీసుకుంటుంది. ‘గో హోమ్’లో ‘హోమ్’ అడ్వెర్బ్, దానికి ‘టు’ అక్కర్లేదు.

భాషాభాగాలు మొత్తం ఎన్ని అని కూడా అడిగారు కదా. టెట్‌లో ఎనిమిది అనే పెట్టండి. ఆ అంకె రెండువేల ఏళ్ల కిందటిది. అలెగ్జాండ్రియా పండితుడు డయోనీషియస్ థ్రాక్స్ పేరుతో ఉన్న గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది ఉన్నాయి, కానీ అవి ఇవే ఎనిమిది కావు. అందులో అడ్జెక్టివ్ విడిగా లేదు, నౌన్‌లోనే కలిసి ఉండేది. ఇంటర్జెక్షన్‌ను (‘అయ్యో’ లాంటి మాటలు) లాటిన్ వ్యాకరణకర్తలు చేర్చారు. వేదపదాలకు వివరణగా నిరుక్తం రాసిన మన యాస్కుడు నామం, ఆఖ్యాతం (క్రియ), ఉపసర్గ, నిపాతం అని నాలుగే చెప్పాడు, తెలుగులో మనం ఐదు చదువుకున్నాం. డిటర్మినర్లను విడిగా లెక్కేసే పుస్తకం మీ చేతిలో ఉంటే దాని అంకె మారుతుంది, కంగారు పడకండి.

పరీక్షలో ‘స్కూల్ బస్’ లాంటిది గీత గీసి ఇస్తే, ఆప్షన్లలో నౌన్, అడ్జెక్టివ్ రెండూ ఉంటే నౌన్ పెట్టండి. నౌన్ అసలు లేకపోతే పేపరు ఇచ్చినాయన పాత పుస్తకం చూసి ఇచ్చాడని అర్థం, అడ్జెక్టివ్ పెట్టేయండి. ప్రిలిమినరీ కీలో తేడా కనిపిస్తే గడువులోగా అభ్యంతరం పంపండి.

ఇంకా సందేహాలుంటే కింద అడగండి. పదం ఒక్కటే కాకుండా అది వచ్చిన వాక్యం మొత్తం రాయండి, లేకపోతే నేనూ చెప్పలేను.